ట్యాంకు కింద ఇల్లు

పిన్ని ఫోన్ చేసినప్పుడు అమ్మ చేతికి పిండి ఉంది, నాన్న బయటికి వెళ్లాడు. అందుకని ఫోన్ నేనే ఎత్తాల్సి వచ్చింది.

"ఊఁ" అన్నాను.

"ఆ ఊఁ వింటేనే తెలిసిపోతుంది నువ్వేనని," అంది పిన్ని. "చెప్పేది విను. మీ బాబాయిని ఇక ఇంట్లో కూర్చునే పని చేసుకోమన్నారు ఆఫీసు వాళ్లు. ఎక్కడున్నా ఒకటేనట. అలాంటప్పుడు ఈ నగరంలో ఈ ఇరుకు, ఈ పొగ, ఈ పరుగు మనకెందుకు, మీ ఊరొచ్చేద్దామని పాట మొదలుపెట్టాడు. మీ వీధి చివర మేడ ఖాళీగా ఉందట కదా?"

"ఊఁ."

"చిన్న ఊళ్లో ఉంటే మంచేమిటో చెడేమిటో రెండూ రాసి పంపు. మీ అమ్మనడిగితే వచ్చెయ్ వచ్చెయ్ అంటుంది. బావనడిగితే నవ్వి ఊరుకుంటాడు. నువ్వు నోటితో చెప్పవు గానీ రాస్తావు. వచ్చే వారం కల్లా ఆ మేడాయనకి ఏదో ఒకటి చెప్పాలి. సరేనా బంగారం?"

"ఊఁ" అన్నాను. ఫోన్ పెట్టేశాక గాని నా గది సంగతి గుర్తురాలేదు.

పిన్ని వాళ్లింట్లో వెనక గది నాది. అందులో నేను ఒక్క రోజు కూడా ఉండలేదు. అయినా నాదే. రెండేళ్ల కిందట మేం పల్లె వదిలి ఈ ఊరొచ్చేటప్పుడు నేను ఏడుస్తుంటే, "ఏడవకు పిల్లా, అక్కడ బడి చదువు అవగొట్టి నా దగ్గరికొచ్చెయ్, వెనక గది నీకే" అని పిన్ని మాటిచ్చింది. ఆ నగరంలో మ్యాపులు గీయడం నేర్పే కాలేజీ ఉంది. రెండేళ్ల చదువు. దరఖాస్తు పెట్టాను, సీటొచ్చింది. జూన్ మొదటి సోమవారం చేరాలి. ఆ కాలేజీకి హాస్టల్ లేదు. పిన్ని ఇక్కడికొచ్చేస్తే గది లేదు, గది లేకపోతే కాలేజీ లేదు.

ఇంత మాట పిన్నికి తట్టలేదంటే తప్పు నాదే. సీటొచ్చిన సంగతి ఆవిడకి నేను చెప్పలేదు. బడి అయ్యాక ఏం చేస్తావని ఆరు నెలలుగా ఎవరు అడిగినా "చూద్దాం" అంటున్నాను. అడిగీ అడిగీ అందరూ మానేశారు.

ఎందుకు చూద్దామన్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్న ఈ ఊరి నీళ్లాయన. ఏ వీధికి ఏ వేళ నీళ్లు వదలాలో చూసి వాల్వులు తిప్పుతాడు. గొట్టం ఎక్కడైనా పగిలితే ఆ చోటు కనిపెడతాడు. ఉద్యోగంతో పాటు ఇల్లిచ్చారు. ఇల్లంటే ఊరి పెద్ద ట్యాంకు కాళ్ల మధ్య కట్టిన రెండు గదులు. తలెత్తితే ట్యాంకు అడుగే కనిపిస్తుంది. ఆకాశం చూడాలంటే గేటు దాకా నడవాలి. ట్యాంకు నిండి పొర్లితే ఊళ్లో మా ఒక్క వాకిట్లోనే వాన. వచ్చిన రోజు ఆరేసిన బట్టలన్నీ అలాగే తడిసి ముద్దయ్యాయి.

ఇప్పుడు తడవవు. అమ్మ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూనే, "మూడొంతులు నిండింది, మోటారు ఆపండీ" అని కేకేస్తుంది. పైకి చూడను కూడా చూడదు, కళ్లు మూసుకునే ఉంటుంది. నీళ్ల మీద నీళ్లు పడే చప్పుడు ఎంత సన్నబడిందో దాన్ని బట్టి చెబుతుంది. మొదట్లో నాన్న నమ్మక నిచ్చెనెక్కి చూసొచ్చేవాడు. ప్రతిసారీ మూడొంతులే. "అవి చెవులా మీటర్లా?" అనేవాడు.

కాంపౌండుకి ఎత్తు గోడ, ఇనప గేటు, గేటుకి ఎప్పుడూ తాళం. ఊరంతా తాగే నీళ్లు కాబట్టి పరాయి వాళ్లు లోపలికి రాకూడదు, కాంపౌండు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదు. అది రూలు. కాబట్టి రెండేళ్లలో మేం ముగ్గురం కలిసి ఒక్కసారి కూడా గేటు దాటలేదు. తాళంచెవి అమ్మ దగ్గరే ఉంటుంది. అమ్మ గేటు దాటిన రోజులు నా డైరీలో ఉన్నాయి. లెక్కపెడితే పదకొండు.

ఇక నాన్న పని. గొట్టం భూమిలో ఉంటుంది, కంటికి కనపడదు. ఎక్కడ కారుతోందో చెవితోనే పట్టాలి. దానికి ఒక ఇనప కడ్డీ ఉంది, నా భుజమంత ఎత్తు. ఒక కొన గొట్టం మీద ఆనించి, రెండో కొనకున్న చెక్క డిప్పకి చెవి ఆనించాలి. నీళ్లు మామూలుగా పారుతుంటే గచ్చు మీద గోనెసంచి ఈడ్చినట్టుంటుంది. గాలి చిక్కుకుంటే ఎవరో లోపల్నించి తలుపు తట్టినట్టుంటుంది. కారుతుంటే మాత్రం, చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో ఎవరో ఆపకుండా "ష్" అంటున్నట్టుంటుంది. ఆ "ష్" ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టాలి. అక్కడ తవ్వుతారు.

నాన్నకి ఆ "ష్" వినపడదు.

పల్లెలో పద్దెనిమిదేళ్లు డీజిల్ ఇంజన్ పక్కన పని చేశాడు. ముందు సన్న చప్పుళ్లు పోయాయి, తర్వాత గుసగుసలు. ఇప్పుడు ఎదురుగా నిలబడి పెదాలు కనిపించేలా మాట్లాడితే తప్ప తెలియదు. వినపడనప్పుడు నవ్వుతాడు. ఊళ్లో అందరూ ఆయన్ని మంచి మనిషంటారు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని.

ఆరు నెలల కిందట నాన్న బార్బరు షాపు ముందు సున్నా చుట్టాడు. తవ్వారు. పొడి మట్టి. రెండడుగులు పక్కన చుట్టాడు. పొడి మట్టి. మూడోది షాపు మెట్టు కిందికే వచ్చింది. బార్బరు కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు.

"ఏమయ్యా, నా మెట్టు కింద నిధుందని ఎవరు చెప్పారు నీకు? మీసం సరిచెయ్యమంటే గుండు కొట్టి, కనుబొమలు కూడా తీసేసినట్టుంది నీ పని!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వుకి బార్బరుకి ఇంకా ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి నాన్నని గుంతలాయన అన్నారు. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, మళ్లీ ఇలా జరిగితే చెవుల పరీక్షకి పంపుతామని. పరీక్షకి పంపితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. ఉద్యోగం పోతుంది, దాంతో ఇల్లూ పోతుంది. పల్లెలో ఇల్లు అమ్మేసే వచ్చాం.

మర్నాటి నుంచి నాన్నతో నేను వెళ్లడం మొదలుపెట్టాను. సుద్దముక్కల సంచి నా చేతిలో. నాన్న కడ్డీకి చెవి పెట్టి కాసేపు విన్నట్టుంటాడు. తర్వాత "తల్లీ, ఇది కాస్త పట్టుకో" అని నాకిచ్చి చెమట తుడుచుకుంటాడు. ఆ కాస్తలో నేను వింటాను. నాన్న చొక్కా ఒకసారి లాగితే ముందుకి పద అని. రెండుసార్లు లాగితే ఇక్కడే అని. ఈ ఆరు నెలల్లో ఒక్క గుంత కూడా దండగ పోలేదు. గుంతలాయన అన్న పేరు పోయింది. నాకు మాత్రం పేరొచ్చింది. సుద్దముక్క. సన్నగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, వాళ్ల నాన్న చేతిలో ఉంటుంది అని.

ఈ ఊరికి గొట్టాల మ్యాపు కూడా లేదు. పాత నీళ్లాయన అంతా తలలోనే పెట్టుకుని పోయాడు. నేను విన్నది విన్నట్టు డైరీ వెనక పేజీల్లో గీశాను. ఆ పేజీలు చూసే కాలేజీ వాళ్లు సీటిచ్చారు. గొట్టాలు వినడం వల్ల సీటొచ్చింది, గొట్టాలు వినాల్సి ఉండటం వల్ల వెళ్లలేను. ఈ ముక్క డైరీలో రాసి కొట్టేశాను.

పిన్ని ఇక్కడికి రాకపోయినా నేనెలా వెళ్తానో నాకు తెలియదు. కానీ ఆ గది అక్కడ ఉండాలి. అది ఉంటే, ఎప్పటికో ఒకప్పటికి అనుకోవచ్చు.

గురువారం సాయంత్రం నీళ్ల రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు ఎన్నింటికి వదిలిందీ ఎన్నింటికి కట్టేసిందీ ఆ రిజిస్టరులో రాయడం నా పని, సంతకం పెట్టడం నాన్న పని. ఏదైనా తప్పు రాసి దిద్దితే, దిద్దిన చోట నాన్న పొట్టి సంతకం పెట్టాలి. లేకపోతే ఆఫీసులో చెల్లదు.

ముందు చెడు రాశాను. చెడు తేలిగ్గా వచ్చింది.

"పిన్నీ, ఇక్కడ వీధి ఈ చివర తుమ్మితే ఆ చివర మందుల షాపాయన బిళ్ల తీసి పెడతాడు. బాగుంది కదా అనుకోకు. ఏ బిళ్ల తీశాడో సాయంత్రానికి బేకరీ ఆవిడకి తెలుస్తుంది, రాత్రికి ఊరికి తెలుస్తుంది. నేను కొత్త చెప్పులు కొనుక్కుంటే ఏడుగురు అడిగారు ఎక్కడ కొన్నావని. ఇద్దరు పాతవి ఏం చేశావని అడిగారు. ఎవరితోనైనా మాటామాటా వస్తే మొహం చాటెయ్యడం కుదరదు, మర్నాడు రొట్టె కొనాల్సింది ఆ మనిషి దగ్గరే. సినిమా హాలుంది గానీ దాంట్లో ఇప్పుడు సిమెంటు బస్తాలు ఉన్నాయి. రైలు ఆగుతుంది గానీ రెండు నిమిషాలే. ఎక్కినవాళ్లు ఎవరో, సంచిలో ఏముందో, ఎప్పుడొస్తామన్నారో ప్లాట్‌ఫారమ్ మీద టీ అమ్మే ఆయన చెబుతాడు. ఇక్కడ ఒక్కసారి ఒక పేరు పెట్టారంటే చచ్చేదాకా అదే పేరు. నేను పళ్లు ఊడిన ముసలమ్మనయ్యాక కూడా సుద్దముక్కనే."

మంచి కూడా రాయాలి కదా, లేకపోతే పిన్ని నమ్మదు. రెండు ముక్కలు రాసి ముగిద్దామనుకున్నాను.

"లైబ్రరీ ఆవిడ నేనడగకుండానే పుస్తకం తీసి బల్ల కింద దాచి ఉంచుతుంది. పోయిన గొడుగు మూడు చేతులు మారి మన గేటుకే వచ్చి వేలాడింది. అమ్మకి జ్వరమొచ్చినప్పుడు గేటుకి తాళం ఉందని, ఎవరి అన్నం డబ్బా వాళ్లు ఊచలకి తగిలించి వెళ్లారు. ఏడు డబ్బాలు. ఏది ఎవరిదో తెలియక అన్నీ కడిగి మళ్లీ గేటుకే తగిలించాం, ఎవరిది వాళ్లు తీసుకెళ్లారు. సాయంత్రం నాన్న వాల్వు తిప్పగానే ముందు కుళాయిల్లోంచి గాలి వస్తుంది. వీధంతా ఒక్కసారి దగ్గినట్టుంటుంది. తర్వాత నీళ్లు. అప్పటిదాకా గుమ్మాల్లో కూర్చుని కబుర్లాడుతున్నవాళ్లందరూ ఒక్కసారే లేస్తారు."

చూస్తే మంచి పేజీ దాటిపోయింది. నా చెయ్యే నాకు ఎదురు తిరిగినట్టయింది. ఇది చదివితే పిన్ని రేపే లారీ మాట్లాడుతుంది.

అందుకని చివర్న ఒక అబద్ధం రాశాను. "అన్నిటికంటే పెద్ద కష్టం నీళ్లు. వారానికి రెండు రోజులే వస్తాయి. అవి కూడా మురికిగా."

నాన్న ఈ రెండేళ్లలో ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఆ సంగతి తెలిసే రాశాను. కాగితం మడిచి రిజిస్టరులోనే పెట్టి, మర్నాటి పరీక్షకి చదువుకోవడానికి వెళ్లిపోయాను.

ఆ వారమంతా నాకు పరీక్షలు. మూడు రోజులు నాన్నతో వెళ్లలేదు, గురువారం తర్వాత రిజిస్టరు కూడా తీయలేదు. "చదువుకో, నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మూడు రోజులూ బార్బరు షాపు ఉన్న పై వీధికి నీళ్లు ఎక్కలేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి, నీళ్లు వదిలే వేళకి, ఇంజినీరుగారు చెప్పా పెట్టకుండా జీపులో దిగారు. మేం పరిగెత్తుకుంటూ పై వీధికి వెళ్లేసరికి సగం ఊరు అక్కడే ఉంది. పలుగులు పట్టుకుని ఇద్దరు తవ్వేవాళ్లు నిలబడ్డారు. బార్బరు తన మెట్టుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నా మెట్టు జోలికి మాత్రం రావద్దయ్యా," అన్నాడు.

నాన్న నవ్వి కడ్డీ దించాడు. నేను ఎప్పటిలాగే పక్కకి వెళ్లి నిలబడ్డాను.

"నువ్వెందుకమ్మా ఇక్కడ? మీద పలుగు పడగలదు. అటు జరుగు," అన్నారు ఇంజినీరుగారు.

"సుద్దముక్కల సంచి దానిదేనండీ," అంది బేకరీ ఆవిడ.

"సుద్దముక్క ఆయనకిచ్చి జరుగు."

ఇచ్చాను. జరిగాను. బేకరీ ఆవిడ నన్ను తన వెనక్కి లాక్కుంది. నాన్న డిప్పకి చెవి పెట్టాడు. కాసేపటికి కడ్డీ చాపాడు, "తల్లీ, ఇది కాస్త" అన్నాడు. అక్కడ నేను లేను. తల తిప్పి వెతికాడు. అందరి మొహాలూ చూశాడు గానీ నేను కనపడలేదు. నవ్వాడు. మళ్లీ చెవి పెట్టాడు. అటు నాలుగడుగులు వేశాడు, ఇటు రెండడుగులు వేశాడు. తర్వాత వంగి సున్నా చుట్టాడు.

అది తప్పో ఒప్పో నాకు తెలియదు. నాన్నకి తెలియదని మాత్రం తెలుసు. పలుగు పైకి లేచింది.

అరుద్దామనుకున్నాను. పొడి మట్టి రానీ, పరీక్షకి పంపనీ, అన్నీ పోయాక ఇక నన్ను పట్టుకునేది ఏముంటుంది అన్న మాట కూడా అప్పుడే మనసులోకి వచ్చింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఆ మాటకి భయపడే నేను కదిలాను. బేకరీ ఆవిడ చెయ్యి కింద నుంచి దూరి వెళ్లి, పలుగు ముందు నిలబడి, నాన్న చేతిలోంచి కడ్డీ తీసుకున్నాను.

"ఏయ్, ఏయ్," అన్నారెవరో.

డిప్పకి చెవి పెట్టి కళ్లు మూసుకున్నాను. గోనెసంచి ఈడుస్తున్న చప్పుడు. సన్నగా. ముందుకి నడిచాను. షాపు దాటాను. సున్నా నుంచి పదకొండు అడుగులు వేశాక, బేకరీ కిటికీ కింద, "ష్" అంది. ఇంకొక్క అడుగు వేస్తే తగ్గింది. వెనక్కొచ్చాను.

నాన్న నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. అంతమంది ముందు ఆయన చొక్కా రెండుసార్లు లాగాను.

మోకాలి లోతు తవ్వేసరికి నీళ్లు ఎగదన్నాయి. తవ్వేవాడి చొక్కా తడిసింది, అందరూ ఈలలు వేశారు. బార్బరు కుర్చీలోంచి లేచి, "ఇదేదో ముందే వచ్చుంటే నా మెట్టు బతికేది కదే సుద్దముక్కా!" అన్నాడు. బేకరీ ఆవిడ నా రెండు బుగ్గలూ పట్టుకుని, "ఇక నిన్ను ఎక్కడికీ పోనివ్వం, చూడు," అంది. ఎంత ప్రేమగా అందో! నాకు ఊపిరాడలేదు.

జనం పల్చబడ్డాక ఇంజినీరుగారు నాన్నకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. మెల్లగా, పెదాలు కదిలేలా మాట్లాడారు. ఆయనకి అర్థమైపోయింది.

"నేను ఏమీ చూడలేదు," అన్నారు. "మీ అమ్మాయి పక్కన ఉన్నంత కాలం నేను ఏమీ చూడను. సరేనా?"

మంచి మనిషి. ఇంకొకరైతే అక్కడే కాగితం రాసేవారు. నాన్న రెండు చేతులూ జోడించాడు. నేను నేల మీద సున్నా చూస్తూ నిలబడ్డాను. అది ఖాళీగా ఉంది. అందులో ఎవరూ తవ్వలేదు.

ఇంటికొచ్చాక అమ్మ రెండుసార్లు "ఏమైందండీ" అంది. నాన్న నవ్వాడు. ఆ రెండుసార్లూ ఆయనకి ఎదురుగా నిలబడే అడిగింది, వినపడకపోవడానికి లేదు.

ఆదివారం ఉదయం నీళ్లు కట్టేశాక వేళ రాద్దామని రిజిస్టరు తీశాను. ఉత్తరం అందులోనే ఉంది. కానీ నేను మడిచినట్టు మడిచి లేదు.

విప్పాను. నాన్న పెన్సిల్‌తో రెండు చోట్ల కొట్టేశాడు. "వారానికి రెండు రోజులే" అన్నది కొట్టేసి పైన, "రోజూ. ఉదయం గంట, సాయంత్రం ముప్పావు గంట" అని రాశాడు. "మురికిగా" కొట్టేసి "తేటగా" అని రాశాడు. రెండు చోట్లా పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

మిగతా చెడు ఏదీ ముట్టుకోలేదు. పేజీ అడుగున మాత్రం, రిజిస్టరులో రాసినట్టే గుండ్రటి అక్షరాలతో, ఇంకో నాలుగు వరుసలు చేర్చాడు.

"ఇంకొక చెడు: నేను మా అమ్మాయి చెవులతో ఉద్యోగం చేస్తున్నాను. దానికి కాలేజీలో సీటొచ్చింది. మీరిక్కడికొస్తే అది వెళ్లడానికి చోటు ఉండదు. ఆలోచించి చెప్పండి. మీ బావ."

దానికింద కూడా పొట్టి సంతకం.

నేను తలెత్తేసరికి నాన్న గుమ్మంలో ఉన్నాడు.

"కొత్తగా రాస్తాను నాన్నా," అన్నాను.

"అక్కర్లేదు. దిద్దినా చెల్లుతుంది. సంతకం పెట్టాను కదా. అయినా నీళ్ల సంగతి అలా రాశావేం?" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

చప్పుడు విని అమ్మ వచ్చింది. నా చేతిలోంచి కాగితం లాక్కుంది. నిలబడే మొదటి నుంచి చివరి దాకా చదివింది. చెప్పుల దగ్గర నవ్వింది కూడా. అడుగున వరుసల దగ్గర ఆగిపోయింది.

"సీటొచ్చిందా?" అంది నాతో. "ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"కడుపులో దాచుకున్నావా ఇన్నాళ్లూ!" నాన్న వైపు తిరిగింది. "మీకూ తెలుసన్నమాట. నేనే గేటుకి తాళం కప్పలా వేలాడుతున్నాను ఈ ఇంట్లో."

"నాకూ ఈ ఉదయమే తెలిసింది. కాలేజీ కాగితం కూడా రిజిస్టరు అట్ట లోపలే దాచుకుంది," అన్నాడు నాన్న.

అమ్మ ఉత్తరం మడిచి పోస్టు చెయ్యమని ఆయన చేతికిచ్చింది. వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ్నించి పాత్రల చప్పుడు ఎక్కువైంది. కాసేపటికి కేక వినిపించింది: "ఆ కడ్డీ ఎంత బరువుంటుంది?"

నాన్నకి వినపడలేదు. నేను చెప్పలేదు. చెబితే ఆ మాట దేనికోసమో ఒప్పుకున్నట్టవుతుంది. నేను బయటపడాలంటే నా చోట ఇంకెవరో నిలబడాలి. ఆ ఇంకెవరో అమ్మే అయితే, రెండేళ్లుగా గోడల మధ్య ఉన్న మనిషికి వీధిలో ఆ కడ్డీ అప్పగించి నేను రైలెక్కాలి. అందులో సంతోషం ఎంతో బరువు ఎంతో తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం పిన్ని ఫోన్ చేసింది. ఈసారి నా అంతట నేనే ఎత్తాను.

"నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. చెడు విని భయపడ్డాడు, రోజూ తేట నీళ్లనగానే మళ్లీ లేచి కూర్చున్నాడు," అంది పిన్ని. "అయినా అడుగున బావ రాసింది చూశాక ఇద్దరం ఒక్క మాట మీదికొచ్చాం. మేడాయనకి ఏడాది దాకా రామని చెప్పేశాం. ఏడాదే పిల్లా, ఆ తర్వాత సంగతి నేను మాటివ్వలేను. వెనక గదిలో పాత కుర్చీలున్నాయి, తీయిస్తాను. వస్తావా?"

"చూ..." అన్నాను, ఆగాను. "అమ్మని అడిగి చెబుతాను."

"అబ్బో, ఒక్కసారే నాలుగు మాటలు! జ్వరం గానీ వచ్చిందా?" అంది పిన్ని.

ఈ ఆదివారం ఉదయం, ఇంకా మంచు విడవకముందే, అమ్మ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. నాన్న భుజం మీద కడ్డీ ఉంది. మా సందులోనే ఒక చోట కారుతోంది. నిన్న సాయంత్రం వెళ్లి నేను విన్నాను, ఎక్కడో నాకు తెలుసు. పోస్టు డబ్బా కింద. నాన్నకి చెప్పలేదు.

"వీధిలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారండీ," అంది అమ్మ.

"ఇంకో సుద్దముక్క అనుకుంటారు," అన్నాడు నాన్న.

అమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "లోపల్నించి వేసుకో. మోటారు చూసుకో." రెండేళ్లలో ఆ తాళంచెవి నా చేతికి రావడం ఇదే మొదలు. నేను వెళ్లాక గేటు లోపల ఎవరుండాలో ఇంకా తేలలేదు. వేసుకున్నాను. రెండు ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

అమ్మ దర్జీ గుమ్మం ముందు ఆగింది. డిప్పకి చెవి పెట్టింది. "ఏమీ లేదు, ఏదో గరగర," అంది నాన్నతో, పెదాలు పెద్దగా కదుపుతూ. రెండడుగులు వేసింది. మళ్లీ పెట్టింది. గేటు వైపు తిరిగింది.

"నువ్వు మాట్లాడకే, వినపడట్లేదు!" అని కసిరింది.

నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోవడం లేదు.

ఇంకో రెండడుగులు. అక్కడ చాలాసేపు విని, నాన్న చొక్కా వైపు చెయ్యి చాపింది. పోస్టు డబ్బా ఇంకా అయిదడుగుల దూరంలో ఉంది. అక్కడ తవ్వితే పొడి మట్టే. "అక్కడ కాదమ్మా" అని నాలుక దాకా వచ్చింది. అంటే అమ్మ వెనక్కొచ్చేస్తుంది. "చూశారా, నావల్ల కాదు, దాన్నే తీసుకెళ్లండి" అంటుంది. ఊచల చల్లదనం అరచేతుల్లోకి దిగింది. నేను ఏమీ అనలేదు.

అమ్మ చెయ్యి సగంలో ఆగింది. తల అడ్డంగా ఊపింది. కడ్డీ ఎత్తి ఇంకో అడుగు వేసింది, ఇంకొకటి, ఇంకొకటి. ప్రతి అడుగుకీ, పొయ్యి దగ్గర గరిటె తిప్పేటప్పుడు మూసుకున్నట్టే కళ్లు మూసుకుంటోంది. పోస్టు డబ్బా పక్కన మొహం మారింది. రెండుసార్లు లాగాలని మర్చిపోయి, నాన్న చొక్కా పట్టుకుని లాగుతూనే ఉంది, తిడుతున్నట్టు.

నాన్న వంగి సున్నా చుట్టాడు. ఇంకా వంగే ఉండగా అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను, సరిగ్గా పట్టానా అని.

"ఏం చూస్తున్నావు?" అని సందు మధ్య నుంచి కేకేసింది. "మూడొంతులు నిండింది, మోటారు ఆపు!"

నా తల మీద ట్యాంకు ఉంది. నేను దాని కిందే నిలబడి ఉన్నాను. నాకు వినపడలేదు. పరిగెత్తుకెళ్లి ఆపాను.